వండని ఫొటో

"జేపెగ్ చాలు," అన్నాడు మేనేజరు. "ఆ రా ఫైళ్ళు తెచ్చి నా కంప్యూటర్ పీక నొక్కకు."

ఆమె లెన్సు బిగిస్తూ తలెత్తలేదు. ఈ పాట ఆమెకు కొత్త కాదు. అట్టపెట్టెలు చేసే ఆ ఫ్యాక్టరీలో కెమెరా పట్టే మనిషి ఆమె ఒక్కతే. కొత్తగా చేరినవాళ్ళ గుర్తింపు కార్డుల దగ్గరనుంచి కస్టమర్లకు పంపే పెట్టెల బొమ్మల దాకా అన్నీ ఆమె నెత్తినే. హాల్లో అందరికీ ఆమె 'ఫొటో అమ్మాయి'. ముప్ఫై నాలుగేళ్ళు వచ్చినా అమ్మాయే.

"సార్, హాల్లో పైన ట్యూబులైట్లు కళ్ళల్లో పొడుస్తాయి, మెషిన్ల కింద చీకటి. జేపెగ్‌లో తీస్తే పైనంతా తెల్లగా కాలిపోతుంది, కిందంతా నల్లగా పూడిపోతుంది. రా అయితే తర్వాత సర్దుకోవచ్చు."

"సర్దడానికి టైమేదీ? సాయంత్రానికి బొమ్మలు ప్రింటింగుకు వెళ్ళాలి. కొత్త బ్రోచర్ రేపటికల్లా కావాలంటున్నారు పైవాళ్ళు. కస్టమర్ చూసేది మెషిన్ని. మెషిన్ కింద చీకట్లో ఏముందో అతనికెందుకు? రంగులు మాత్రం గాఢంగా పెట్టు, నీలం నీలంగా కనబడాలి. అర్థమైందా?"

"అర్థమైంది సార్."

అర్థం కావడానికి అందులో ఏముంది గనక. ఒళ్ళు మండింది, అంతే. పదేళ్ళుగా ఈ పని చేస్తోంది. కెమెరా ఏ వైపు పట్టుకోవాలో తెలియని మనిషి వచ్చి ఎలా తీయాలో చెబుతాడు. మేనేజరు గదిలోంచి బయటికి వచ్చి, మెట్ల కింద నిలబడి, కెమెరా వెనక మెనూ తెరిచింది. అందులో రెండు కార్డులు పడతాయి. జేపెగ్ ఒక కార్డులోకి, రా రెండో కార్డులోకి వెళ్ళేలా పెట్టింది. సాయంత్రం జేపెగ్ కార్డు మాత్రం ఆయన చేతిలో పెడితే సరిపోతుంది. రెండోది ఉందని ఆయనకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

కెమెరా చూసిన వెలుగునంతా వండకుండా, పచ్చిగా, ఉన్నదున్నట్టు దాచేది రా. జేపెగ్ అంటే కెమెరా తనే వండి, తనకు తోచినంత ఉప్పూ కారం వేసి, వడ్డించి, మిగిలిందంతా పారబోసేది. పారబోసింది మళ్ళీ దొరకదు. ఎవరో వండి పెట్టింది తినడం ఆమెకు చిన్నప్పటినుంచీ ఇష్టం లేదని వాళ్ళమ్మ అంటుంది. అది వేరే గొడవ.

హాల్లో ఇరవై రెండు మెషిన్లు. అన్నిటినీ నాలుగ్గంటల లోపల తీయాలి. ఫొటో అమ్మాయి వస్తోందంటే హాల్లో నవ్వులు మొదలయ్యేవి, ఎందుకంటే ఆమె ఫొటో తీయడంకన్నా సర్దడమే ఎక్కువ. నీళ్ళ సీసాలు, జిడ్డుగుడ్డలు, స్టూలు మీద ఆరేసిన తువ్వాళ్ళు, గోడకు అంటించిన పాత కాగితాలు, ఏదీ ఉండనివ్వదు. అన్నిటికన్నా ముఖ్యంగా, మెరిసేదేదైనా ఆమెకు పడదు. చేతిగడియారాలు కూడా విప్పించిన రోజులున్నాయి.

"ఏమ్మా, ఇవాళ దేనిమీద పడింది నీ కన్ను?" అన్నాడు పంచింగ్ అన్న.

పంచింగ్ మెషిన్ మీద పద్దెనిమిదేళ్ళుగా ఉన్నాడు కాబట్టి ఆ పేరు. రెండు ఇనప పలకలు పుస్తకంలా తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. తెరుచుకున్నప్పుడు అట్ట పెట్టాలి, మూసుకుని తెరుచుకోగానే పెట్టె ఆకారంలో తెగిన అట్ట తీసుకోవాలి. పైకి అంతే పని. ఆ లయ తప్పకుండా రోజంతా నిలబడటం మాత్రం అందరి వల్లా కాదు. ఆమె చేరిన కొత్తలో క్యాంటీన్‌లో చోటు చూపించిందీ, ఏ సూపర్‌వైజరు దగ్గర ఎలా మాట్లాడాలో చెప్పిందీ ఆయనే. అప్పటినుంచీ అన్నే.

"నీమీదే పడింది. కొంచెం నిటారుగా నిలబడు."

"మేనేజరుతో గొడవ పడ్డావట?"

"రా వద్దట ఆయనకి."

"రా వద్దా? పొమ్మంటే సరిపోయేది," అన్నాడు. పక్క మెషిన్ వాళ్ళు పగలబడి నవ్వారు. ఆమెకూ నవ్వొచ్చింది గానీ కన్ను వ్యూఫైండర్ మీదనుంచి తీయలేదు.

"అన్నా, ఆ స్టీలు గ్లాసు తీసెయ్. ఆ జిగురు డబ్బా. ఆ గుడ్డ. ఇంకా ఏదో తళతళలాడుతోంది, మధ్యలో, అది కూడా."

"అదా?"

"ఏదైతే అది. తెల్లగా మచ్చలా పడుతోంది."

మెషిన్ ఎలాగూ ఆపే ఉంది. ఆయన గోడమీది మెయిన్ స్విచ్చి కూడా కిందికి దించాడు. చెప్పినవన్నీ ఒక్కొక్కటే పక్కకు తీశాడు. చిన్నాచితకా ఏవో ఆమె చేతిలో పెడితే చూడకుండానే సంచి పక్క జేబులో పడేసుకుంది. అవతల మేనేజరు గడియారం చూపిస్తున్నాడు. తొమ్మిది ఫ్రేములు తీసి, "సరిపోయింది అన్నా, ఇప్పుడు శుభ్రంగా ఉంది," అని తర్వాతి మెషిన్ దగ్గరికి పరుగెత్తింది. ఇంకా పదకొండున్నాయి.

నాలుగింటికి జేపెగ్ కార్డు మేనేజరు బల్లమీద పెట్టి, తన గదికి తాళం వేసుకుని, పెట్టెల బొమ్మలు తీయడానికి అవతలి బిల్డింగు గోడౌనుకు వెళ్ళింది. అక్కడినుంచి అటే ఇంటికి.

మర్నాడు పదిన్నరకు హాల్లో శబ్దం ఆగిపోయింది.

ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళకు శబ్దం వినిపించదు, అది ఆగినప్పుడే వినిపిస్తుంది. ఆమె చేతిలో పని వదిలేసి పరుగెత్తింది. అప్పటికే ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, కుడిచేతికి తువ్వాలు చుట్టారు. తువ్వాలు ఏ రంగుదో తెలియడం లేదు. ఆయన ఏడవటం లేదు, అరవటం లేదు. మెషిన్ వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆమె వచ్చింది చూసి, "ఏం లేదులేమ్మా," అన్నాడు, ఆమెకే ఏదో అయినట్టు.

చూపుడువేలు, మధ్యవేలు పోయాయి.

ఆ మెషిన్‌కు ముందు, మనిషికీ పలకలకీ మధ్య అడ్డంగా, గట్టి ప్లాస్టిక్ పలక ఒకటి ఉండాలి. కింద సందులోంచి అట్ట వెళ్తుంది గానీ చెయ్యి మణికట్టు దాటి వెళ్ళదు. హాల్లో అందరూ దాన్ని అద్దం అంటారు. ఆ రోజు అద్దం లేదు. బుధవారం పొద్దున హాజరు టైము కొట్టే చోట నోటీసు అంటించేదాకా ఆమె ఆ సంగతి ఆలోచించనేలేదు.

నోటీసు ఇలా ఉంది: పంచింగ్ యంత్రపు ఆపరేటరు రక్షణ పలకను సొంతంగా తొలగించి పనిచేసినందువల్ల ప్రమాదం జరిగినది. పని వేగంగా ముగించుటకు ఇట్లు తొలగించుట సదరు ఆపరేటరుకు అలవాటే అని జతపరచిన ఫొటో రుజువు చేయుచున్నది. ఇది పూర్తిగా అతని సొంత తప్పిదము.

జతపరచిన ఫొటో ఆమెది. సోమవారం తీసిన తొమ్మిదింటిలో నాలుగోది. నీలం మెషిన్ నీలంగా మెరుస్తోంది. దాని పక్కన అన్న నిటారుగా నిలబడి కొంచెం సిగ్గుగా నవ్వుతున్నాడు. మెషిన్ ముందు అద్దం లేదు. కిందా, పక్కలా, వెనకా అంతా తారు పోసినట్టు నలుపు.

ఆమె మెట్లు రెండేసి ఎక్కి మేనేజరు గది తలుపు తట్టకుండా తోసింది.

"నా ఫొటోని దానికి ఎవరు వాడమన్నారు?"

"నీ ఫొటో ఏంటి? కెమెరా కంపెనీది, కార్డు కంపెనీది, జీతం కంపెనీది."

"సొంత తప్పని రాశారు. అంటే ఆయన వైద్యం ఎవరు చూస్తారు? ఉద్యోగం ఏమవుతుంది?"

"అది నా చేతుల్లో లేదు. శుక్రవారం తనిఖీ అధికారి వస్తున్నారు, ఆవిడ తేలుస్తారు." మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "అయినా నీకెందుకంత ఆవేశం? ఫొటో అబద్ధం చెబుతుందా? అద్దం ఉందా లేదా అందులో? నువ్వే చెప్పు."

"జేపెగ్ సగమే చెబుతుంది సార్."

"ఆ సగం చాలు."

ఆ మాట ఆమెకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఎంత చల్లగా అన్నాడు. రెండు వేళ్ళు పోయిన మనిషి ఆస్పత్రిలో ఉంటే, అతను నవ్వుతూ నిలబడిన ఫొటోనే తెచ్చి అతని మీద పెట్టారు. తను తీసిన ఫొటో. తను నిలబడమన్న చోట నిలబడ్డాడు, తను నవ్వమంటే నవ్వాడు. 

ఆ అద్దం ఎప్పుడో విరిగిపోయి ఉంటుంది, వీళ్ళు మళ్ళీ వేయించి ఉండరు. అదీ ఆమె అనుకున్నది. ఈ ఫ్యాక్టరీలో విరిగింది బాగుచేయించడం ఎప్పుడు చూసింది గనక. రా ఫైల్లో ఆ నలుపు తీసి చూస్తే తుప్పుపట్టిన ఖాళీ కన్నాలు కనబడతాయి, ఏళ్ళ తరబడి అక్కడ ఏదీ బిగించలేదని తేలిపోతుంది. మేనేజరు చేత ఆ నోటీసు తినిపించకపోతే తన పేరు మార్చుకుంటుంది.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళింది. అన్న చేతికి మోచేతి దాకా కట్టు. వదిన మంచం పక్క స్టూలు మీద కూర్చుని ఉంది. ఈమెను చూసి లేచింది గానీ పలకరించలేదు. నీళ్ళ సీసా తీసుకుని బయటికి వెళ్ళింది, సీసా సగానికి పైగా నిండే ఉన్నా.

"నోటీసు చూశావా?" అంది ఆమె.

"మా మెషిన్ కుర్రాళ్ళు చెప్పారు."

"నేను ఊరుకోను అన్నా. నా దగ్గర రా ఫైలుంది. అందులో మొత్తం ఉంటుంది. శుక్రవారం ఆ అధికారి ముందు పెడతాను."

ఆయన ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. "వదిలెయ్యమ్మా."

"ఎందుకు వదలాలి?"

"నిన్న ఆస్పత్రికి వచ్చి అడిగారు, అద్దం తీసింది నువ్వేనా అని. నేనే అన్నాను. సంతకం కూడా అయిపోయింది. ఎడంచేత్తో."

"నీకు మతి పోయిందా? ఎందుకు ఒప్పుకున్నావు?"

"తీసింది నేనే కదా."

"భయపడి ఒప్పుకున్నావు. వాళ్ళు గట్టిగా అడిగేసరికి ఔనన్నావు. పద్దెనిమిదేళ్ళు చేశావు, వాళ్ళ మొహం మీద ఒక్క మాట అనలేకపోయావు. నీలాంటివాళ్ళ వల్లే వాళ్ళకి అంత పొగరు." ఇలాంటి మాటలు మంచం మీదున్న మనిషితో అనకూడదని తెలుసు. కానీ కోపం ఆగలేదు. "నువ్వు మాట్లాడకపోతే పో. నేను మాట్లాడతాను."

"ఇంటికెళ్ళి అన్నం తిను," అన్నాడాయన. "మొహం పీక్కుపోయింది."

తలుపు దగ్గర వదిన ఎదురైంది. ఆమెకేసి ఒక్కసారి చూసి పక్కకు తప్పుకుంది. ఆ చూపు ఆమెకు అర్థం కాలేదు. బాధలో ఉన్న మనిషి చూపు అలాగే ఉంటుందిలే అనుకుంది.

గురువారం సెలవు పెట్టింది. కిటికీ పక్క బల్లమీద కంప్యూటర్ తెరిచి, రెండో కార్డు పెట్టింది. వాళ్ళమ్మ నేలమీద కూర్చుని జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. కుడుతోందన్నమాటే గానీ కళ్ళన్నీ కూతురి మీదే.

"సెలవు పెట్టి కూడా అదే పనా?"

"ఇది వేరే పనమ్మా. ఇవాళ వాళ్ళ సంగతి తేలుస్తాను."

"ఎవరి సంగతో."

తెరమీద నాలుగో ఫ్రేము వచ్చింది. రా ఫైలు మొదట చూస్తే చప్పగా ఉంటుంది, రంగు లేదు, మెరుపు లేదు. జేపెగ్ పక్కన పెడితే రోగిష్టిదానిలా ఉంటుంది. అందుకే మేనేజరులాంటివాళ్ళకు నచ్చదు. ఆమె నీడల్ని తేటపరిచే స్లైడరు గీటు మౌసుతో పట్టుకుని మెల్లగా కుడివైపుకు లాగింది.

నలుపు కొంచెం కొంచెంగా తేలిపోయింది, బురదనీళ్ళు తేరుకున్నట్టు. ముందు వెనక గోడ కనబడింది. గోడమీద మెయిన్ స్విచ్చి, దాని పిడి కిందికి దించి ఉంది.  చూడండి, మెషిన్ ఆపే ఉంది. అద్దం లేకుండా నడుపుతున్నాడని ఈ ఫొటో పెట్టి అంటారా? పళ్ళు కొరుక్కుంటూ ఇంకొంచెం లాగింది. అద్దం బిగించే కన్నాలు వచ్చాయి, రెండు. తుప్పు లేదు. చుట్టూ నీలం రంగు అరిగి, లోపల ఇనుము తెల్లగా తళుక్కుమంటోంది. రోజూ బిగించి ఉండే స్క్రూల కింద ఇనుము అలా ఉంటుంది.

ఇంకా లాగింది.

మెషిన్ కాలికి ఆనించి, జాగ్రత్తగా, కింద పాత అట్ట వేసి గీతలు పడకుండా నిలబెట్టిన పెద్ద ప్లాస్టిక్ పలక. పలకకు ఆనించి ఒక కెమెరా సంచి. పలక పక్కన నేలమీద స్టీలు గ్లాసు, జిగురు డబ్బా, గుడ్డ వరసగా. నవ్వుతున్న అన్న కుడిచేయి తొడ వెనక్కి దాచుకుని ఉంది. ఆ చేతిలో, అయిదు వేళ్ళ మధ్య, స్క్రూడ్రైవరు.

సంచి ఆమెది. పట్టీకి ఎర్రదారంతో వేసిన కుట్టు వాళ్ళమ్మ వేసిందే.

ఏదో తళతళలాడుతోంది, మధ్యలో, అది కూడా. తన గొంతే చెవిలో వినిపించింది. అదా? ఏదైతే అది.

 తర్వాత లేచి, కొక్కేనికి తగిలించిన సంచి దించి, పక్క జేబులో చెయ్యి పెట్టింది. లెన్సు తుడిచే గుడ్డ. గుడ్డ కింద చల్లగా రెండు. బయటికి తీసింది. బొటనవేలంత పొడుగు స్క్రూలు రెండు, తలలు అరిగి తెల్లగా ఉన్నాయి. మూడు రోజులుగా సంచి కింద పెట్టినప్పుడల్లా టిక్కుమంటూనే ఉన్నాయి. లెన్సు ఫిల్టరు కాబోలు అనుకుంది.

"ఏమైందే?" అంది వాళ్ళమ్మ.

ఆమె చెప్పింది. ఎక్కువ మాటలు పట్టలేదు. వాళ్ళమ్మ సూది జాకెట్టుకే గుచ్చి లేచి వచ్చి తెర చూసింది, స్క్రూలు చూసింది, ఎర్రకుట్టు చూసింది.

"ఈ బొమ్మ ఇంకెవరి దగ్గరుంది?"

"ఎవరి దగ్గరా లేదు. రా తీయొద్దన్నాడుగా మేనేజరు. వాళ్ళ లెక్కలో ఇది లేనే లేదు."

వాళ్ళమ్మ వెళ్ళి వీధి తలుపు దగ్గరగా వేసింది. తర్వాత గొంతు తగ్గించి, "ఆయన ఎలాగూ తనే తీశానని చెప్పేశాడు కదే," అంది.

ఆమెకు వాళ్ళమ్మ మీద కోపం రాలేదు. వచ్చిందంతా తన మీదే, ఎందుకంటే సరిగ్గా అదే మాట అంతకు ముందే తన మనసులో వచ్చి కూర్చుంది. వేలు చెరిపేసే మీట మీదకు వెళ్ళింది కూడా. ఒక్క నొక్కు. పదేళ్ళుగా రా గొప్ప రా గొప్ప అని ఊరందరితో తగువులాడింది తను. అంతా దాస్తుందట. దాచింది మరి, తననే.

"నేనేం చూడలేదు," అని వాళ్ళమ్మ వెళ్ళి మళ్ళీ హుక్కులు ముందేసుకుంది. నాలుగు కుట్లు వేసి, "చూశానులే," అంది.

ఆమె కంప్యూటర్ సంచిలో పెట్టుకుని, స్క్రూలు పిడికిట్లో పట్టుకుని ఆస్పత్రికి బయల్దేరింది.

అన్న నిద్రపోతున్నాడు. వదిన వరండాలో బెంచీ మీద ఉంది. ఆమె ఏమీ మాట్లాడకుండా పిడికిలి విప్పి చూపించింది.

వదిన వాటిని చూసింది. "దొరికాయా," అంది.

"నీకు తెలుసా వదినా?"

"ఆ సాయంత్రమే చెప్పాడు. ఫొటో అమ్మాయి స్క్రూలు తీసుకుపోయిందే, రేపు అడగాలి అని నవ్వుతూ చెప్పాడు. నీ గదికి వచ్చాడట, తాళం వేసి ఉందట. మర్నాడు పొద్దున సూపర్‌వైజరుని అడిగాడు, స్క్రూలు కావాలి, అద్దం లేకుండా నడపను అని. నీ దగ్గరికి వెళ్ళి తెచ్చుకోవడానికి కూడా వదల్లేదట, ఆర్డరు లారీ బయట నిలబడి ఉంది, ఈ ఒక్క పూటకి కానిచ్చెయ్ అన్నాడట. మేనేజరు కూడా అక్కడే ఉన్నాడట."

"మరి నిన్న నాకెందుకు చెప్పలేదు? నోటికొచ్చినట్టు తిట్టాను ఆయన్ని."

"చెప్పొద్దన్నాడు. చెబితే నువ్వు ఊరుకోవు, వెళ్ళి అందరి ముందూ చెప్పేస్తావు, నీ ఉద్యోగం పోతుంది. నా వేళ్ళు ఎలాగూ రావు కదా అన్నాడు." వదిన గొంతు ఒక్కసారిగా గట్టిపడింది. "ఆయనది పెద్ద మనసు. నాది కాదు. నిన్న నువ్వు ఆయన్ని పిరికివాడన్నట్టు మాట్లాడుతుంటే తలుపు అవతలనుంచి విన్నాను, చేతిలో సీసా నీ మొహాన కొట్టాలనిపించింది. అందుకే లోపలికి రాలేదు."

ఆమె పిడికిలి మూసింది. క్షమించమని అనాలనుకుంది, ఆ మాట మరీ చిన్నదిగా అనిపించింది.

"రేపు చెబుతాను వదినా."

"చెప్పకపోతే నేనే వచ్చి చెబుతాను," అంది వదిన. బెంచీ మీద కొంచెం పక్కకు జరిగింది. ఆమె కూర్చుంది. ఇద్దరూ ఆయన నిద్రలేచేదాకా అలాగే కూర్చున్నారు. లేచాక ఆయన స్క్రూలు చూసి, "పారెయ్యమ్మా వాటిని," అన్నాడు. ఆమె పారేయలేదు.

శుక్రవారం పదింటికి మేనేజరు గదిలో తనిఖీ అధికారి కూర్చుంది. పొట్టిగా, కళ్ళజోడు ముక్కు మీదికి జారిపోతూ, ప్రతిదీ రెండుసార్లు చదివే మనిషి. బల్లమీద నోటీసు, దానికి గుచ్చిన జేపెగ్ ఫొటో. సూపర్‌వైజరు గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. ఫొటో తీసింది ఈ అమ్మాయే అని మేనేజరు పరిచయం చేశాడు, తన వైపు సాక్షిని చూపించినట్టు.

"ఈ ఫొటో మీరు తీసిందేనా?"

"నేనే మేడమ్. కానీ ఇది సగం. మిగతా సగం ఇందులో ఉంది." కంప్యూటర్ తెరిచి ఆవిడ వైపు తిప్పింది. నీడలు తేటపరచని ఫైలు ముందు చూపించింది, తర్వాత ఆవిడ చూస్తుండగానే గీటు లాగింది. స్విచ్చి. కన్నాలు. పలక. సంచి. స్క్రూడ్రైవరు. ఏది ఏదో చెబుతూ పోయింది. 

"పలక ఎందుకు తీశారు?"

"మెరుస్తోందని నేను తీయమన్నాను. ఏం తీయమంటున్నానో కూడా చూడలేదు. స్క్రూలు నా చేతికిస్తే సంచిలో వేసుకుని మర్చిపోయాను." రెండు స్క్రూలూ నోటీసు మీద పెట్టింది. "ఆయనకి ఇది అలవాటని రాశారు. అబద్ధం. ఆ కన్నాలు చూడండి, రోజూ బిగించి ఉండేవే. తప్పు మొదలైంది నా దగ్గర. మర్నాడు స్క్రూలు లేవు, నడపను అని ఆయన వీళ్ళని అడిగాడు. నడపమన్నది వీళ్ళు."

 అందరికన్నా ముందు మేనేజరే నోరు విప్పాడు.

"రా తీయొద్దని నీకు చెప్పానా, లేదా?"

ఆమెకు ఒక్క క్షణం నమ్మకం కలగలేదు. ఇంత జరిగాక ఈ మనిషికి దొరికిన మాట ఇదా? నవ్వొచ్చేటంత కోపం వచ్చింది. "చెప్పారు సార్," అంది.

తనిఖీ అధికారి కళ్ళజోడు పైకి తోసుకుని సూపర్‌వైజరు వైపు తిరిగింది. "ఆయన స్క్రూలు అడిగారా మిమ్మల్ని?"

సూపర్‌వైజరు మేనేజరును చూశాడు, బల్లమీది స్క్రూలను చూశాడు. "అడిగాడు మేడమ్," అన్నాడు. "లారీ ఉంది కదా అని..." మిగతాది మింగేశాడు.

ఆవిడ నోటీసు తన ముందుకు లాక్కుని, 'సొంత తప్పిదము' అన్న చోట పెన్నుతో ఒక గీత గీసింది. పక్కన ఏదో చాలాసేపు రాసింది. ఫొటో అమ్మాయి పేరు కూడా రాసుకుంది. ఎవరేం చేశారో అన్నీ రాస్తానని, మీది కూడా ఉంటుందని చెప్పింది. ఆమె తలూపింది. ఉండాలి మరి.

"సాయంత్రం కెమెరా, సంచి అప్పగించి వెళ్ళు," అన్నాడు మేనేజరు, ఆమె ముఖం చూడకుండా.

"సంచి నాది సార్. కెమెరా అప్పగిస్తాను."

"సాయంత్రం కదా," అంది తనిఖీ అధికారి కాగితాలు సర్దుకుంటూ. "ఇప్పుడు ఆ మెషిన్ ఫొటో ఒకటి కావాలి నాకు, ఉన్నదున్నట్టు. రండి."

హాల్లోకి దిగారు. మెషిన్లన్నీ నడుస్తున్నాయి, పంచింగ్ మెషిన్ తప్ప. దానికి ఆ పొద్దుటే హడావుడిగా కొత్త అద్దం బిగించారు. ఒక్క గీత లేదు, రెండు కొత్త స్క్రూలు. చుట్టుపక్కల మెషిన్ల మీద ఉన్నవాళ్ళు చేతులు ఆపకుండా ఇటే చూస్తున్నారు. ఎవరూ జోకు వేయలేదు.

ఆమె మెనూ తెరిచి జేపెగ్ తీసేసింది. కెమెరా కంటికి ఆనించింది. ట్యూబులైట్లు సరిగ్గా అద్దం మీద పడుతున్నాయి. ఫ్రేము నడుమ పెద్ద తెల్లమచ్చ, మెషిన్‌లో సగం దాని వెనకే పోయింది. 'అది తీసెయ్' అనే పదేళ్ళ అలవాటు గొంతు దాకా వచ్చింది. ఆమె పెదాలు బిగించింది.

మేనేజరు వెనకనుంచి కెమెరా తెరలోకి తొంగి చూశాడు. "ఆ మెరుపేంటి మధ్యలో? ఫొటో పాడవుతోంది."

"పాడవనివ్వండి సార్," అంది ఆమె, మీట నొక్కుతూ.